కొత్త ఊళ్ళో శని ఆదివారాలు: పని పెట్టుకుని తిరగాలా, ఊరికే తిరగాలా?

కొర్లగుంట_పిల్ల (ప్రస్తుతం బెర్లిన్) · శనివారం రాత్రి

అందరికీ నమస్తే. తిరుపతి నుంచి బెర్లిన్ వచ్చి నాలుగు నెలలైంది. మొదటి రెండు నెలలు నా శని ఆదివారాలు ఎట్లా గడిచాయో చెప్తే నవ్వుతారు. పదింటిదాకా నిద్ర, అన్నం, చారు, అమ్మతో వీడియో కాల్, మళ్ళీ నిద్ర. లేచేసరికి చీకటి. డిసెంబరులో ఇక్కడ నాలుగు కాకముందే సూర్యుడు దిగిపోతాడు.

బయటికి పోతే ఇంకో ఇబ్బంది. మన ఊళ్ళో ఏ సందులో నిలబడినా తలెత్తితే కొండ కనిపిస్తుంది, అదే ఉత్తరం. ఇరవై ఆరేళ్ళు నేను దిక్కులు తెలుసుకున్నది అట్లా. ఈ ఊరు రాతి పలకలాగా చదునుగా ఉంది. 368 మీటర్ల టీవీ టవర్ ఒకటుంది గానీ అది ఊరి నడిబొడ్డున. నేనుండేది దక్షిణాన బ్రిట్స్ అనే పేటలో. మా వీధిలోంచి చూస్తే ఎదురింటి పొగగొట్టం తప్ప ఏమీ కనపడదు. మొదటి వారం ఇంటికి రెండు సందుల అవతల తప్పిపోయాను, చేతిలో ఫోన్ ఉండి కూడా.

ఒక ఆదివారం కూర్చుని ఆలోచించాను. కొర్లగుంటలో నేను ఎప్పుడైనా పనిగట్టుకుని ఏరియా చూడ్డానికి బయల్దేరానా? లేదు. మరి ప్రతి సందూ ఎట్లా తెలుసు? పిండి మరకి పోయి తెలుసు. గ్యాస్ పొయ్యి బాగుచేసే ఆయన్ని వెతుక్కుంటూ పోయి తెలుసు. జాకెట్టు కుట్టడానికిచ్చి, "రేపు రామ్మా" అని టైలరు నాలుగుసార్లు తిప్పితే తెలుసు. ఇక్కడేమో పిండి, పాలు, బల్బు, సాక్సులు అన్నీ ఒకే కప్పు కింద. డబ్బులు కూడా మిషనే తీసుకుంటుంది. నోరు విప్పే పనే లేదు. అందుకే ఊరు తెలియడం లేదని అర్థమైంది.

అప్పటినుంచి శనివారానికి ఒక చిన్న పని పెట్టుకుంటున్నాను. సూపర్ మార్కెట్‌లో కాని పని, ఎవరో ఒకరితో మాట్లాడాల్సిన పని. మీలో బయట ఉన్నవాళ్ళు ఎట్లా చేస్తున్నారు? ఇది మంచి ఐడియానా, నా పిచ్చా?

లీలామహల్_సెంటర్ · శనివారం రాత్రి

బెర్లిన్ పోయి నాలుగు నెలలు కాళ్ళు ముడుచుకుని పడుకున్నావా తల్లీ. బ్రాండెన్‌బర్గ్ గేట్ చూశావా లేదా?

కొర్లగుంట_పిల్ల · శనివారం రాత్రి

లేదన్నా. మీరు ఆఖరిసారి కపిలతీర్థం ఎప్పుడు పోయారు?

లీలామహల్_సెంటర్ · శనివారం రాత్రి

సరే సరే. బంధువులు వచ్చినప్పుడు 😄

చిత్తూరోడు_సింగపూర్ · ఆదివారం ఉదయం

చెల్లెమ్మా, ఐడియా బాగుంది గానీ నాకో అభ్యంతరం. వారమంతా పనే కదా. శనివారం కూడా పని పెట్టుకుంటే అది సెలవెట్లా అవుతుంది?

నా పద్ధతి వేరే. ఇంటి దగ్గర ఏ బస్సు ముందొస్తే అది ఎక్కి, ఆఖరి స్టాపులో దిగుతాను. అక్కడ తప్పకుండా ఒక హాకర్ సెంటర్ ఉంటుంది. హాకర్ సెంటర్ అంటే మన ఊళ్ళో సాయంత్రం రోడ్డు పక్కన వెలిసే తోపుడు బండ్లన్నిటినీ తీసుకొచ్చి ఒకే షెడ్డు కింద కుళాయి, డ్రైనేజీ, ఫ్యాన్లతో కూర్చోబెట్టినట్టు. ఆ సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చుకుంది కూడా.

కాఫీ చెప్పడం నేర్చుకోవడానికే నాకు నెల పట్టింది. కోపీ అంటే డబ్బా పాలు పోసి తియ్యగా ఇస్తారు. కోపీ ఓ అంటే పాలు లేకుండా, చక్కెరతో. కొసొంగ్ అని చేరిస్తే ఆ చక్కెర కూడా ఉండదు. మొదటిరోజు ధీమాగా "కోపీ ఓ కొసొంగ్" అన్నాను, నోట్లో పోసుకుంటే కషాయం. పక్క బల్ల దగ్గర చైనా తాత నా మొహం చూసి నవ్వి, లేచి పోయి చక్కెర తెచ్చిచ్చాడు. ఇప్పటికి ఇరవై దాకా ఆఖరి స్టాపులు చూశాను. ఏ పనీ లేకుండానే.

కొర్లగుంట_పిల్ల · ఆదివారం సాయంత్రం

అన్నా, మీ ఊళ్ళో బస్సు దిగితే ఎండ, జనం, కాఫీ. ఇక్కడ జనవరిలో ఆఖరి స్టాపులో దిగితే మైనస్ నాలుగు, ఒక బెంచీ, ఒక కాకి. పని ఉంటే కనీసం ఒక తలుపు తెరుచుకుంటుంది, లోపల వెచ్చగా ఉంటుంది.

నా మొదటి పని చెప్తాను. వచ్చేటప్పుడు అమ్మ చెక్-ఇన్ సూట్‌కేసులో కత్తిపీట పెట్టింది. వద్దంటే వినలేదు. రెండు నెలలకి మొద్దుబారింది. చెప్పులు కుట్టడం, తాళంచెవులు చేయడం, కత్తులు సానబట్టడం మూడూ ఒకరే చేసే చిన్న అంగళ్ళు ఇక్కడ ఉంటాయి. మెట్రోలో రెండు స్టేషన్ల అవతల ఒకటి కనిపించింది. టర్కీ పెద్దాయన. నేను చుట్టిన తువ్వాలు విప్పేసరికి ఆయన కళ్ళద్దాలు పైకి తోసి దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పిడి యాడుందో అర్థం కాలేదు పాపం. పీట మీద నిలబెట్టిన కత్తి, పైన కొబ్బరి కోరుకునే పళ్ళ ముక్క. ఆయుధమా అన్నట్టు నా మొహం చూశాడు.

నాకొచ్చిన జర్మన్ పది ముక్కలు. చెప్పలేక, ఆ అంగడి నేల మీదే కోటుతో సహా కూర్చుని, పీట మీద కాలు వేసి, కౌంటర్ మీదున్న ఆయన ఆపిల్ తీసుకుని కోసి చూపించాను. ఆపిల్ కోసుకోలేదు, నలిగింది. "ఆహా, అందుకా వచ్చావు" అన్నట్టు తలూపాడు. లోపల్నుంచి వాళ్ళావిడను పిలిచాడు, ఆమె కూడా వచ్చి చూసింది. కత్తి కదలకుండా మనిషి కూరగాయని కదిలించడం వాళ్ళకి వింత. పావుగంటలో సానబట్టి, ఇంకో ఆపిల్ ఆయనే నా చేతికిచ్చాడు. ఈసారి చెక్కు దారంలాగా ఊడింది.

బెండకాయను వాళ్ళు బామ్యా అంటారట. ఎండబెట్టిన బుల్లి బెండకాయలు దారానికి గుచ్చి, మల్లెపూల చెండులాగా వేలాడదీసి అమ్మే అంగడి యాడుందో ఆమె చెప్పింది. మంగళ, శుక్రవారాల్లో మేబాఖూఫర్ అనే కాలవ గట్టు మీద టర్కీ సంత జరుగుతుందనీ చెప్పింది. కత్తిపీట వల్ల నాకు ఒక అంగడి, ఒక సంత, ఒక కాలవ, దండం పెట్టే ఇద్దరు మనుషులు దొరికారు.

బైరాగిపట్టెడ_బాబాయ్ · ఆదివారం సాయంత్రం

అమ్మాయ్, ఆ కత్తిపీట కథ మా ఆవిడకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. సానబట్టినందుకు ఎంత తీసుకున్నాడని అడగమంటోంది.

కొర్లగుంట_పిల్ల · ఆదివారం సాయంత్రం

ఆరు యూరోలు బాబాయ్. పిన్నికి మాత్రం రూపాయల్లో చెప్పకండి.

పుత్తూరు_సుబ్బు · ఆదివారం రాత్రి

వచ్చే నెల టొరంటో పోతున్నా. ఈ థ్రెడ్ సరిగ్గా నాకోసమే పెట్టినట్టుంది. ఉద్యోగం గురించి టెన్షన్ లేదు, ఆదివారం గురించే టెన్షన్. చిన్నప్పట్నుంచి ఒంటరిగా అన్నం కూడా తిన్నవాణ్ణి కాదు. ఫిబ్రవరిలో దిగుతున్నా, మంచు. వీధులేం చూస్తాను?

లీలామహల్_సెంటర్ · ఆదివారం రాత్రి

సుబ్బూ, మంచు మీద జాగ్రత్త. జారి పడితే పుత్తూరు కట్టు అక్కడ కట్టేవాళ్ళు లేరు.

తిరుచానూరు_టిఫిన్ (డల్లాస్ దగ్గర) · సోమవారం

మీరంతా అదృష్టవంతులు, నడవడానికి వీధి ఉంది. నేనుండే ఫ్రిస్కోలో పాలు కావాలంటే కారు, జుట్టు కత్తిరించాలంటే కారు. హనుమంతుడి గుడి బ్రహ్మాండంగా ఉంది, దానికీ కారే. పని పెట్టుకో అంటే మా ఊళ్ళో కారెక్కు అని అర్థం.

ఒకరోజు పంతానికి లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వడానికి నడిచి బయల్దేరాను. రెండు మైళ్ళు. కొంతదూరం పోయాక ఫుట్‌పాత్ అయిపోయింది, గడ్డిలో నడుస్తున్నా. ఒకావిడ కారు ఆపి "అంతా బాగేనా, ఎక్కడైనా దింపాలా?" అని అడిగింది. ఇంకో ఫర్లాంగు పోయాక ఇంకొకాయన ఆపాడు. నడుస్తున్నానంటే కారు చెడిపోయిందనుకున్నారు. ఆపినవాళ్ళు మంచివాళ్ళే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఊరే నడిచేవాడి కోసం కట్టలేదు. మీ చిట్కా అన్ని ఊళ్ళకీ పనికిరాదు.

కొర్లగుంట_పిల్ల · సోమవారం

నిజమే. నాకు జవాబు లేదు.

తిరుచానూరు_టిఫిన్ · సోమవారం

జవాబు నేనే కొంత కనుక్కున్నా. శనివారం పొద్దున గ్యారేజ్ సేల్స్. ఇంటి ముందు పాత సామాను పరిచి కూర్చుంటారు. కారు దూరంగా ఆపి నాలుగిళ్ళు నడుస్తా. మూడు డాలర్లకి ఒక ఇనప పెనం కొన్నా, దోసెలు అద్భుతంగా లేస్తున్నాయి. అమ్మినాయన వాళ్ళ నానమ్మ ఆ పెనం మీద మొక్కజొన్న రొట్టె చేసేదని అరగంట చెప్పాడు.

పద్మావతీపురం_అమ్మ · మంగళవారం

మా అమ్మాయి కూడా బయట దేశంలోనే చదువుతోంది. నువ్వు చెప్పేది చదవడానికి ముచ్చటగా ఉందమ్మా. కానీ ఆడపిల్ల ఒక్కతే, భాష రాని ఊళ్ళో, చీకటి పడే వేళ. భయం వేయలేదా? నిజం చెప్పు.

కొర్లగుంట_పిల్ల · మంగళవారం రాత్రి

నిజమే చెప్తానండీ. ఒకసారి మెట్రోలో బాగా తాగిన మనిషి నా వైపు చూసి అరిచాడు. తర్వాతి స్టేషన్లో దిగి పక్క పెట్టెలో ఎక్కాను, ఇంటికొచ్చేదాకా చేతులు వణికాయి. అమ్మకి చెప్పలేదు, ఈ థ్రెడ్ ఆవిడ చదవదు. ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం, చలికాలంలో శనివారం తొమ్మిదికే బయటపడటం, మూడున్నరకి ఇల్లు చేరడం. రాత్రి తిరగాలంటే ఆఫీసు స్నేహితురాలు తోడు. పగటిపూట మాత్రం ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

తిట్లు తిన్నది ఇంకో చోట. ఒక ఆదివారం ఖాళీ గాజు సీసాలన్నీ సంచిలో వేసుకుని వీధి చివర డబ్బాలో ఒక్కొక్కటే పడేస్తున్నా, ఫళ్ళున పగులుతున్నాయి. పైన బాల్కనీలోంచి ఒక ముసలావిడ వచ్చి వేలు చూపిస్తూ వాయించేసింది. మాటలు తెలియకపోయినా తిట్టు తిట్టే కదా. ఆదివారం ఇక్కడ నిశ్శబ్దం పాటించాల్సిన రోజు, ఆ డబ్బాలు వాడకూడదని దాని మీదే రాసుంది, నేను చదవలేదు. అంగళ్ళు కూడా దాదాపు అన్నీ మూతే. సుబ్బూ, నువ్వు పోయేది కెనడా కాబట్టి నీకీ బాధ లేదు.

పద్మావతీపురం_అమ్మ · మంగళవారం రాత్రి

మీ అమ్మకి చెప్పు. తర్వాత తెలిస్తే ఇంకా బాధపడుతుంది.

బైరాగిపట్టెడ_బాబాయ్ · శనివారం మధ్యాహ్నం

అమ్మాయ్, నీ మాట నాకు తగులుకుంది. రిటైరై ఆరేళ్ళు. ఈ ఊళ్ళోనే పుట్టాను, కానీ ఇప్పుడు కూరగాయలు ఫోన్‌లో, మందులు ఫోన్‌లో, కరెంటు బిల్లు ఫోన్‌లో. పోయిన నెలలో నేను గడప దాటింది ఎన్నిసార్లో లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలు.

ఈ పొద్దు మా అమ్మ కాలంనాటి ఇత్తడి గిన్నె తీసుకుని కళాయి వేయించడానికి బయల్దేరా. గోవిందరాజస్వామి గుడి చుట్టూ మాడవీధుల్లో అడిగా. ఒకడు ఆ పెద్దమనిషి పోయాడన్నాడు. ఇంకొకడు గాంధీ రోడ్డు వైపు చూపించాడు. అక్కడ ఇత్తడి అంగడాయన "సార్, గిన్నె మాకు అమ్మేయండి, స్టీలుది తీసుకోండి" అన్నాడు. మూడు గంటలు తిరిగాను, కళాయి పడలేదు. కానీ మట్లి అనంతరాజు కట్టించిన ఆ పెద్ద గోపురం కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూశా. అరవై ఆరేళ్ళలో ఆ పని ఎప్పుడూ చేయలేదు. ఎప్పుడూ దాని కిందనుంచి హడావిడిగా పోవడమే.

రామానుజులవారు 1130లో ఈ ఊరికి శంకుస్థాపన చేశారని, ఫిబ్రవరి 24న ఊరి పుట్టినరోజని ఇప్పుడు మాడవీధుల్లో ఊరేగింపు చేస్తున్నారు కదా. వచ్చే నెల నేనూ పోతా.

చిత్తూరోడు_సింగపూర్ · శనివారం సాయంత్రం

బాబాయ్, చిత్తూరులో కళాయి వేసే ఆయన ఒకరు మా నాన్నకి తెలుసు. నంబరు మెసేజ్ చేస్తా, ఇక్కడ పెట్టను.

నిర్వాహకుడు · శనివారం సాయంత్రం

థ్యాంక్స్. ఫోన్ నంబర్లు థ్రెడ్‌లో వద్దు. ఇత్తడి, రాగి, స్టీలు గొడవ దయచేసి వంటింటి విభాగంలో.

కొర్లగుంట_పిల్ల · ఆదివారం సాయంత్రం

ఈ వారం పని: ముగ్గుపిండి సంపాదించడం. సంక్రాంతికి దొరక్క గోధుమపిండితో వేస్తే పావురాలు తినేశాయి.

మా మెట్రో స్టేషన్ పార్షిమర్ ఆలే. దాని పక్కనే ఒక పాత కాలనీ, గుర్రపు లాడం ఆకారంలో వంగిన మూడంతస్తుల ఇళ్ళు, మధ్యలో చెరువు. బ్రూనో టావుట్ అనే ఆర్కిటెక్టు గీసింది, 1925లో మొదలుపెట్టారు, అంతా కలిపి దాదాపు రెండు వేల ఇళ్ళు. డబ్బున్నవాళ్ళ కోసం కాదు, మామూలు సంపాదనవాళ్ళు గాలీ వెలుతురూ ఉన్న ఇంట్లో బతకాలని కట్టారు. 2008 నుంచి ప్రపంచ వారసత్వ సంపద. నేను రోజూ దాని ముందునుంచే ఆఫీసుకి పోతూ అదేదో గవర్నమెంటు క్వార్టర్స్ అనుకున్నా! తలుపులు ఒక్కోటి ఒక్కో రంగు, ఆవపసుపు, ఎరుపు, ముదురు నీలం. చలిలో ఆ నీలం గోడ చూస్తే ఇంక్ సీసా గుర్తొచ్చింది.

అక్కడ్నుంచి తర్వాతి స్టేషన్ బ్లాష్కో ఆలే. స్టేషన్ నుంచి కొంచెం నడిస్తే మయూరపతి మురుగన్ గుడి. శ్రీలంక తమిళులు కట్టుకున్నారు, 2013లో తెరిచారు. ముగ్గుపిండి అడగడానికే పోయా. అరవంలో "కోలమావు ఇరుక్కా?" అనగానే అక్కడున్న ఆవిడ మొహం వెలిగింది. "తిరుపతా? అరవం ఎట్లా వచ్చు?" అని. మా ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్ళకి అది నేర్చుకునే భాష కాదు, గాలికి అంటుకునే భాష అని చెప్పలేకపోయా. అరకిలో పొట్లం కట్టిచ్చింది, డబ్బులు తీసుకోలేదు.

బైరాగిపట్టెడ_బాబాయ్ · ఆదివారం రాత్రి

అంటుకోక ఏం చేస్తుంది. తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. మా నాయన కావడి ఎత్తింది అక్కడే. మురుగన్ నీకు బెర్లిన్‌లో కనపడ్డాడంటే పరాయివాడేం కాదు.

చిత్తూరోడు_సింగపూర్ · ఆదివారం రాత్రి

ఇక్కడ తైపూసం కావళ్ళు బయల్దేరేది సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి. 1855 నాటి గుడి. మన స్వామి ఇంటి నుంచి బయల్దేరి మురుగన్ ఇంటికి నడక. ఈసారి నేనూ పాలచెంబు మోసే మా పక్కింటాయన వెంట నడుస్తున్నా. ఇది పని కిందికి వస్తుందా చెల్లెమ్మా? వస్తే నేను ఓడిపోయినట్టే.

కొర్లగుంట_పిల్ల · ఆదివారం రాత్రి

వస్తుంది అన్నా 😀

పుత్తూరు_సుబ్బు · బుధవారం

అక్కా, ఒక ప్రశ్న. రోడ్డు మీద సామాను ఫ్రీగా పెట్టేస్తారంటగా? నిజమేనా?

కొర్లగుంట_పిల్ల · బుధవారం

కెనడా సంగతి తెలీదు, ఇక్కడ నిజం. "ఇచ్చేస్తున్నాం" అని జర్మన్‌లో చీటీ రాసి అట్టపెట్టెలో పుస్తకాలు, గ్లాసులు, పిల్లల బూట్లు గేటు పక్కన పెడతారు. మంచి పింగాణీ కప్పు ఒకటి తెచ్చుకుని అమ్మకి వీడియోలో చూపించా. "నాలుగు రోడ్ల కూడలిలో పెట్టింది ముట్టుకున్నావా! దిష్టి తీసి పెట్టారో ఏమో, పడేయ్ ముందు!" అంది. ఉప్పునీళ్ళతో కడిగి దాచుకున్నా. ఇప్పుడు ఆ కప్పులోనే టీ తాగుతున్నా.

కొర్లగుంట_పిల్ల · తర్వాతి శనివారం

ఈ పొద్దు పనేమీ పెట్టుకోలేదు. సింగపూర్ అన్న మాట విని ఊరికే కాలవ వెంట నడిచా. బ్రిట్స్ పక్కన సన్నటి కాలవ ఉంది. ఊరు రెండుగా ఉన్న రోజుల్లో ఇవతల గట్టు పశ్చిమం, అవతల గట్టు తూర్పు. వంతెన దాటి కొంచెం పోయాక ఒక స్మారక స్తంభం. క్రిస్ గ్యూఫ్రాయ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు 1989 ఫిబ్రవరి 5 రాత్రి ఇటువైపు దాటబోతుంటే కాపలావాళ్ళు కాల్చారు. గోడ దాటబోయి తుపాకీ గుండుకి చనిపోయినవాళ్ళలో ఆఖరివాడు. ఆ నవంబరులో గోడే తెరుచుకుంది.

నీళ్ళు అంచుల్లో గడ్డకట్టి ఉన్నాయి. రెండు బాతులు మంచు మీద జారుతూ నడుస్తున్నాయి. ఎవరో ఎర్ర మైనపు దీపం పెట్టి పోయారు, ఆరిపోయి ఉంది. నా దగ్గర అగ్గిపెట్టె లేదు. అటుగా కుక్కతో వచ్చినాయన్ని సైగ చేసి అడిగితే లైటర్ ఇచ్చాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

బైరాగిపట్టెడ_బాబాయ్ · తర్వాతి శనివారం

మంచి పని చేశావు.

పుత్తూరు_సుబ్బు (టొరంటో!) · మూడు వారాల తర్వాత

దిగాను. మొదటి శనివారం పని నేను వెతుక్కోలేదు, అదే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చెన్నైలో కొన్న మంచు బూటు అడుగు నాలుగో రోజుకే నోరు తెరిచింది. సాక్సు తడిసి కాలు మొద్దుబారింది. మెట్రో స్టేషన్ లోపలే చెప్పులు కుట్టే చిన్న కొట్టు. ఆయన పోర్చుగల్ వాడు, నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. బూటు జిగురు ఆరేదాకా ఒక కాలు బూటుతో, ఒక కాలు న్యూస్ పేపరు చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నా. అరగంటలో ఆయన మోకాలి ఆపరేషన్, నా ఉద్యోగం, వాళ్ళ ఊరి చేపలు, మా ఊరి కట్టు అన్నీ అయిపోయాయి. పుత్తూరు కట్టు గురించి చెప్తే ఫోన్‌లో వెతికి చూపించమన్నాడు.

బైరాగిపట్టెడ_బాబాయ్ · మూడు వారాల తర్వాత

క్షేమంగా చేరావు, సంతోషం. మా ఆవిడ అడుగుతోంది, బూటుకి ఎంత తీసుకున్నాడు?

పుత్తూరు_సుబ్బు · మూడు వారాల తర్వాత

పద్దెనిమిది డాలర్లు బాబాయ్.

బైరాగిపట్టెడ_బాబాయ్ · మూడు వారాల తర్వాత

ఆ డబ్బుతో ఇక్కడ కొత్త జత వస్తుంది. అన్నట్టు, చిత్తూరు పోయి గిన్నెకి కళాయి వేయించా. రేపు అందులో పచ్చిపులుసు.